కడగని నాలుగు వరసలు

పెద్దమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను సోలార్ పార్కులో కరెంటు పుట్టించే అద్దాల ప్లేట్లు కడుగుతున్నాను. పొద్దున పది దాటి ఉంటుంది. ఒక చేతిలో నీళ్ళ పైపు, ఇంకో చేతిలో పొడుగు కర్రకు బిగించిన బ్రష్షు. పనివేళ ఫోను తీయకూడదని రూలు. మూడోసారి మోగేసరికి తీశాను. పెద్దమ్మ కూతురు. "అక్కా, అమ్మ పోయింది" అని ఒక్క మాట అంది. ఆ తర్వాత ఏడుపే వినపడింది.

ఆ క్షణంలో నాకు మొదట కలిగింది ఏడుపు కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను. సూపర్‌వైజరు ఎక్కడున్నాడో అని చుట్టూ చూశాను. ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం అతను చూశాడేమోనని నా భయం. ఎవరూ లేరని తెలిశాకే ఫోను దించాను. ప్లేటు కింద నీడలో కూలబడ్డాను. పైపులోంచి నీళ్ళు ఊరికే పారిపోతున్నా చాలాసేపు చూసుకోలేదు.

నేను భయస్తురాలిని. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసే రకం. మా పొలం పార్కుకు కౌలుకిచ్చాం. ఆ గడువు తీరేనాటికి ఆ నేల మాకు గుర్తుంటుందా, మేం నేలకు గుర్తుంటామా అని రోజుకొకసారైనా అనుకుంటాను. ఆకాశం నల్లబడితే పిడుగు పడుతుందేమోనని భయం. నల్లబడకపోతే వాన రాదేమోనని భయం. పెద్దమ్మ పక్కన ఉన్నంతసేపూ ఈ గుబులు కాస్త సద్దుమణిగేది. అందుకే ఆమె గురించి రాయాలనిపించింది. రాయడానికి కూర్చున్నాక, ఏం రాస్తే ఎవరేమనుకుంటారో అని మళ్ళీ అదే గుబులు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా ఇంటికి మూడిళ్ళ అవతల కూతురితో ఉండేది. మా వీధిలో నా వయసువాళ్ళందరం పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళం. వాళ్ళు తాతల కాలం నుంచీ చర్చివాళ్ళు. మేం కాదు. నేను ఈ రోజుకీ చర్చిలో చేరలేదు. కాబట్టి ఆమె భక్తి గురించి నేను చెప్పేదాంట్లో తప్పులుంటే తెలిసినవాళ్ళు మన్నించాలి. నేను ఆమెను చర్చిలో ఎరిగింది తక్కువ, పనిలో ఎరిగిందే ఎక్కువ.

మా ఊరు పావగడ తాలూకా నాగలమడిక హోబ్లీలో ఉంది, కన్నడ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే సీమ. పార్కు రాకముందు పెద్దమ్మ వేరుశనగ చేలల్లో కూలికి పోయేది. కలుపు తీయడంలో ఆమె వెనక నడిచినవాళ్ళకు పని ఉండేది కాదని మా అమ్మ చెప్పేది. పార్కు వచ్చాక భూములున్నవాళ్ళం ఇచ్చుకున్నాం. ఆమెకు ఇవ్వడానికి జానెడు నేల లేదు. చేలతో పాటే ఆమె పని పోయింది. అప్పుడే ప్లేట్లు కడగడానికి ఆడవాళ్ళు కావాలన్నారు. వీధిలో మేం పన్నెండు మందిమి పోయాం. అందరిలోకీ పెద్దది ఆమె. ఎస్సెల్సీ, అంటే పదో తరగతి, పాసయ్యానని నన్ను మా గుంపుకు లీడరుగా పెట్టారు. ఎక్కడెక్కడ కడిగామో సూపర్‌వైజరుకు చెప్పడం నా పని.

మా బడి కన్నడం బడి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడం చదువుకుని పెరిగినవాళ్ళం. తెలుగు అక్షరాలు నాకు పెద్దమ్మే నేర్పింది. ఆమె తనది మూడో క్లాసు చదువని చెప్పేది. చర్చిలో పాటలూ, బైబిలు వాక్యమూ అన్నీ తెలుగులోనే ఉంటాయి కాబట్టి చదవడం బాగా వచ్చు. దుమ్ము గట్టిగా పేరుకున్న రోజుల్లో ప్లేటు మీద చూపుడువేలితో ఒక మాట రాసేది. ఎండ, గొర్రె, కొంగు, ఇట్లాంటివి. నేను చదవాలి.

"చదివితివా? అయితే నీళ్ళు కొట్టు" అనేది. ఇద్దరం కలిసి కడిగేసేవాళ్ళం. మరుసటి వారానికి అక్కడే ఇంకో మాట.

రెండు లిపులకూ దగ్గరి పోలిక ఉండటంతో నాకు తొందరగానే వచ్చేసింది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ వేలి పుణ్యమే.

ఒకరోజు గాలిదుమారం లేచింది. పొద్దున కడిగిందంతా మధ్యాహ్నానికి మళ్ళీ ఎర్రబారిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఏందికి పెద్దమ్మా ఇదంతా? కడిగింది కడిగినట్టే పోతాండాది. మన బతుకంతా ఈ దుమ్ములోనే పాయె."

ఆమె బ్రష్షు విదిలించి నీడలోకి వచ్చింది. "దుమ్ము పడతాది పాపా. పడకుండా యాడికి పోతాది? ఈ అద్దాలు మాత్రం నిలుస్తాయా? కొన్నేండ్లకు పీకి పారేస్తారంట. కానీ నువ్వు దాన్ని ఎట్ల కడిగినావో, అది మాత్రం ఏ గాలీ ఎత్తకపోలేదు. అది పైనున్న ఆయన దగ్గరికి పోయి ఆడ ఉంటాది."

"ఆయనకు ఈ ప్లేట్లతో ఏం పని?"

"ప్లేట్లతో ఏం పని లేదు. నీతో పని."

నాకు అర్థమైందని చెప్పను. ఆయన చూస్తున్నాడు అంటే నాకు ధైర్యం రాదు, ఇంకాస్త భయం పెరుగుతుంది. సూపర్‌వైజరు ఒక్కడు చూస్తేనే నా చేతులు ఆడవు. ఆ మాటే అంటే పెద్దమ్మ పగలబడి నవ్వింది. "ఆయన చూసేది అట్ల కాదు లేప్పా" అంది గానీ, ఎట్లానో చెప్పలేదు.

వాళ్ళ చర్చిలో ఏటా కోతలయ్యాక పంట పండుగ చేస్తారు. ఎవరి చేలో పండింది వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. ఒక ఏడు నన్నూ రమ్మంది. పార్కు వచ్చిన తర్వాత సంగతి ఇది. ఎవరి దగ్గరా పంట లేదు. కొందరు పావగడ అంగట్లో కొన్న గుమ్మడికాయలు తెచ్చారు. కొందరు బిస్కెట్ పొట్లాలు తెచ్చారు. వాళ్ళ పాస్టరు, అందరూ అయ్యగారనే పిలుస్తారు, ప్రసంగం చెప్పాడు. ఈ లోకంలో మనం చేసేదంతా మట్టితో పని, మట్టిలోనే కలిసిపోతుంది, ఈ పనుల మీద మనసు పెట్టకండి, పైనున్నదాన్ని వెతకండి అని చాలాసేపు చెప్పాడు. నాకు భయమేసింది. మాకు ఉన్నదే ఆ పని. దాని మీద మనసు పెట్టకపోతే ఎక్కడ పెట్టాలి?

తర్వాత అందరూ తెచ్చినవి ముందు పెడుతుంటే పెద్దమ్మ లేచి వెళ్ళి తన రబ్బరు గ్లౌజులు పెట్టింది. ప్లేట్లు కడిగేటప్పుడు వేసుకునేవే. ఉతికి, ఆరేసి, మడతపెట్టి తెచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు చిన్న వయసువాడు, ఏం చేయాలో తోచక ఆమె వైపు చూశాడు.

"నా పంట ఇదే అయ్యగారూ" అంది పెద్దమ్మ. "మట్టి పనే గానీ, మనిషిని చేసినాయన మట్టి ముట్టుకోకుండా చేసినాడా?"

అయ్యగారు ఆ గ్లౌజులను గుమ్మడికాయ పక్కన సర్ది, వాటి మీద కూడా చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆరాధన అయిపోగానే పెద్దమ్మ వాటిని మళ్ళీ తీసుకుని సంచిలో వేసుకుంది. సోమవారం పనికి కావాలి కదా.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇన్నాళ్ళూ బయటికి చెప్పుకోని సంగతి.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం. బోర్లలో నీళ్ళు అడుగంటాయి. రోజూ రెండు ట్యాంకర్లు రావాల్సిన చోట ఒకటి వచ్చేది. బెంగళూరు నుంచి పెద్ద ఆఫీసరు చూడటానికి వస్తున్నాడని తెలిసింది. సూపర్‌వైజరు నన్ను పక్కకు పిలిచాడు. దారి పక్కన కనిపించే వరసలు బాగా కడిగించు, వెనక నాలుగు వరసలు వదిలెయ్యి, అడిగితే మీకిచ్చిన బ్లాకు మొత్తం అయిందని చెప్పు అన్నాడు. నేను తలూపాను. వెనక వరసల వైపు పోవద్దని ఆడవాళ్ళకు చెప్పాను. ఎందుకని పెద్దమ్మ అడిగితే నీళ్ళు చాలవన్నాను. అది నిజమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆఫీసరు వచ్చాడు. మంచి మనిషే, ఎండలో దిగి నడిచాడు. బ్లాకు మొత్తం కడిగారా అని కన్నడంలో నన్ను అడిగాడు. "అయింది సార్, మొత్తం అయింది" అన్నాను. సూపర్‌వైజరు నా పక్కనే ఉన్నాడు. ఆఫీసరు నాలుగడుగులు వేసి, అందరిలోకీ పెద్దదని కాబోలు, పెద్దమ్మ దగ్గర ఆగాడు.

"ఏమమ్మా, ఈ వయసులో కష్టం కాదా? పని అంతా అయిందా?"

పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నన్నేదో అడిగినట్టుగా ఉంది. నేను తల దించుకున్నాను.

"ల్యాదు సార్. వెనక నాలుగు వరసలు కడగల్యాదు. నీళ్ళు చాలల్యా."

ఆఫీసరు సూపర్‌వైజరు వైపు చూశాడు. సూపర్‌వైజరు నా వైపు చూశాడు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. ఆఫీసరు నడిచి వెళ్ళి, ఆ నాలుగు వరసలూ చూసి, కారెక్కి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు మమ్మల్ని పనికి తీసుకెళ్ళే టెంపో రాలేదు. పిలిచినప్పుడు రండి అని కబురు. పన్నెండు మందిమీ ఇళ్ళల్లో కూర్చున్నాం. వారం గడిచింది. వీధిలో పెద్దమ్మను చూస్తే ఆడవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు. కొళాయి దగ్గర ఒకామె అందరి ముందే అడిగేసింది. "నీ సత్యం నువ్వు చెప్పుకుంటివి, మా నోట్లో మట్టి కొడితివి. నీ దేవుడు మా పిల్లోళ్ళకు కూడు పెడతాడా?" పెద్దమ్మ బిందె నింపుకోకుండానే వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉన్నాను. అబద్ధం చెప్పింది నేను, తిట్లు తిన్నది ఆమె. నేను నా బిందె నింపుకుని ఇంటికి వచ్చేశాను.

రెండు వారాలకు సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. రేపటి నుంచి అందరూ రండి అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే అన్నాడు, "ఆ ముసలామె మాత్రం వద్దు."

నేను ఏం చెప్పాలి? ఆమె తప్పేమీ లేదు సార్ అనాలి. తప్పు చెప్పింది నేను సార్ అనాలి. "సరే సార్" అన్నాను.

ఆ రెండు మాటలు ఈ రోజుకీ నా చెవుల్లోంచి పోలేదు.

ఇంటింటికీ పోయి పదిమందికి చెప్పాను. పెద్దమ్మ ఇంటికి మాత్రం పోలేకపోయాను. పొద్దున ఎవరో ఒకరు చెప్తారులే అనుకున్నాను. పొద్దున టెంపో వచ్చే వేళకు ఆమె వీధి మూలమీద నిలబడి ఉంది. ఎండకు తలపాగాలా కట్టుకునే గుడ్డ, చేతిలో సద్ది టిఫిను. పని మొదలైందని ఎవరి నోటో విని సంబరంగా వచ్చినట్టుంది. అందరూ ఎక్కారు. ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టింది. అప్పుడు చెప్పాను.

"పెద్దమ్మా, నీ పేరు ల్యా."

"ఏంది?"

"నిన్ను వద్దన్నాడు."

ఆమె కాలు అట్లాగే మెట్టు మీద ఉంది. "మిగతావాళ్ళందరివీ ఉండాయా?"

"ఉండాయి."

ఆమె మెల్లగా కాలు కిందికి దించింది. కొళాయి దగ్గర తిట్టినామె కిటికీలోంచి బయటికి చూస్తోంది. పెద్దమ్మ పక్కకు జరిగి, "పోయి రాపో పాపా. ఎండ ఎక్కువుండాది, కొంగు బాగా చుట్టుకో" అంది. టెంపో మలుపు తిరిగేదాకా నేను వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత నేను ఆమె ఇంటి ముందు నుంచి నడవడం మానేశాను. కొళాయికి వెనక సందులోంచి పోయేదాన్ని. ఆమె మళ్ళీ పొలం పనులకు వెళ్తోందని, పార్కులోకి రాని చేలు ఉన్న ఊళ్ళకు బస్సెక్కి పోతోందని విన్నాను. అరవై దాటిన మనిషి. పొద్దున టెంపోలో పోతూ బస్టాపులో ఆమెను చూసేదాన్ని. ఆమె చెయ్యి ఎత్తేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. ఆ చెయ్యి కూడా మొదటి నెలల్లో లేదు, తర్వాతే మొదలైంది. ఎందుకో నాకు తర్వాత తెలిసింది.

పోయిన ఏడు చలికాలంలో పార్కుకు ఒక మిషన్ వచ్చింది. ప్లేట్ల వరస మీద పట్టాల మీద పోయినట్టు తనంతట తానే పోతూ, నీళ్ళు లేకుండానే దుమ్ము ఊడ్చేస్తుంది. ఒక వరసకు బిగించి చూశారు. మేం పదకొండు మందిమి బ్రష్షులు పట్టుకుని నిలబడి చూశాం. ఆ రోజు ఇంటికి వచ్చాక కూర్చుని లెక్క చూసుకున్నాను. ఈ పని కోసం అబద్ధం చెప్పాను. ఈ పని కోసం పెద్దమ్మను వదిలేశాను. ఇప్పుడు ఈ పనే పోతుందా? అయితే నేను కూడబెట్టుకున్నదేమిటి?

మరుసటి ఆదివారం సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాను. గడప దగ్గర నిలబడితే ఆమే చూసింది. మంచం మీద కూర్చుని కొర్రలు చెరుగుతోంది. మనిషి సగమైంది. నాలుగు మాటలకు ఒకసారి ఆయాసపడుతోంది.

"రా, కూర్చో. యాల ఆడ నిలబడినావు?"

నేను కూర్చోలేదు. "పెద్దమ్మా, ఆ పొద్దు ఫోన్‌లో నిన్ను వద్దంటే నేను సరే అన్న్యాను."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"టెంపో కాడ నీ మొగం చూస్తానే తెలిసె."

ఆమె చేట పక్కన పెట్టింది. నేను అనుకున్నాను, ఇప్పుడు క్షమించానని చెప్తుంది, చర్చివాళ్ళు అట్లాగే చెప్తారు అని. ఆమె అట్లా చెప్పలేదు.

"నాకు నిండా కోపమొచ్చింది పాపా. పని పోయినందుకు కాదు. అక్షరాలు నేర్పిన బిడ్డ నన్ను చూసి తల దించుకునె గదా అని. మూన్నెల్లు ప్రార్థనలో అందరి పేర్లూ వస్తాండె, నీ పేరు కాడికి వస్తే నోరు మూసుకుపోతాండె. ఆయనతో కొట్లాడినాను. ఆ తర్వాత ఒకనాడు నీ పేరూ నోటికి వచ్చింది. ఆ పొద్దు బస్టాపులో నిన్ను చూసి చెయ్యెత్తినాను."

నేను ఏడ్చాను. ఆమె ఏడవనిచ్చింది. తర్వాత మిషన్ సంగతి చెప్పాను. మా పని పోతుందేమో, ఇన్నేళ్ళు చేసిందంతా ఏమైపోయినట్టు అని అడిగాను.

"పోతే పోతాది. నా పని పోయిందా లేదా? అయినా అన్నం తింటాండాను" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "ఏమైపోయినట్టు అంటే ఏం చెప్పేది? పైన ఆడ మూటలు కట్టి పెట్టినారో ఏమో నాకు తెలీదు, నేనేం పోయి చూసినానా. నాకు తెలిసింది ఒకటే. నువ్వు ఈ పొద్దు వచ్చి గడప కాడ నిలబడి ఆ మాట చెప్పినావు చూడు, అది మిషన్ చేయలేదు. అట్లాంటివి పోవు."

"మళ్ళా అట్లాంటిది వస్తే నేను చెప్పలేనేమో పెద్దమ్మా. నాకు భయం."

"భయపడతానే చెప్పు. భయం పోయినంక చెప్తామనుకుంటే ఎప్పటికీ చెప్పలేము. నేను ఆ ఆఫీసరుకు ధైర్యంగా చెప్పినాననుకున్నావా? నా కాళ్ళు చూసినావా? బూట్లలో గడగడా వణకతాండె. ఒంటేలు పడిపోతాదేమో అనుకున్న్యాను."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూంటే ఆమెకు దగ్గు వచ్చింది. వీపు రాశాను. ఎముకలు చేతికి తగిలాయి.

ఆ తర్వాత ఆరేడు నెలలు దాదాపు ప్రతి ఆదివారం వెళ్ళాను. పావగడ ఆసుపత్రికి రెండుసార్లు తోడు వెళ్ళాను. గుండె బలహీనంగా ఉంది, బరువు పనులు వద్దన్నారు. కూర్చుని చేసే పనులు చేస్తానంది. ఏ పనీ చేయకుండా ఉండు పెద్దమ్మా అంటే విసుక్కునేది. "ఊరికే కూర్చుంటే నీ మాదిరి అన్నీ ఆలోచించుకోని భయపడాల్సి వస్తాది" అనేది.

ఇదంతా ప్లేటు కింద కూర్చుని తలచుకున్నానని చెప్పను. ఆ వేళ తలలో ఏమీ లేదు. లేచి పైపు కట్టేసి, మిగతా ఆడవాళ్ళకు చెప్పాను. కొళాయి దగ్గర తిట్టినామె బ్రష్షు కింద పడేసి ఏడ్చింది. సమాధి రేపు మధ్యాహ్నమని తెలిసింది. పదకొండు మందీ పోవాలన్నారు. పదకొండు మందికీ ఒకేసారి సెలవు ఎవరిస్తారు?

"అందరికీ జ్వరమని చెబుదామా?" అంది ఒకామె. "లేకుంటే ఒక్కొక్కరం ఒక్కొక్కటి చెబుదాము."

నేను సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. అదే మనిషి. షెడ్డులో ఫోను చూసుకుంటున్నాడు. నా కాళ్ళు నిజంగానే వణికాయి. ఇంతవరకూ అతను అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప, నా అంతట నేను నోరు విప్పింది లేదు.

"సార్, రేపు మధ్యాహ్నం నుంచి మేము పదకొండు మందీ ఉండము. మీరు వద్దన్నారే, ఆ పెద్దమ్మ పోయింది. ఆమెను పూడ్చేదానికి పోతాండాము." అక్కడితో ఆగలేదు. "ఆ పొద్దు ఆఫీసరు సార్‌కు అబద్ధం చెప్పింది నేను. ఆమె తప్పేమీ ల్యా."

అతను తలెత్తి నన్ను చాలాసేపు చూశాడు. "నోడోణ" అన్నాడు. చూద్దాం అని. మళ్ళీ ఫోనులోకి తల దించాడు. ఏం చూస్తాడో నాకు తెలియదు. ఈ రోజుకీ తెలియదు. రేపు టెంపో ఎక్కేటప్పుడు నా పేరు ఉంటుందో లేదో అనుకుంటూనే ఇది రాస్తున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం దాకా పని చేసి, ఇంటికి పోయే వ్యవధి లేక, మెరుపు పట్టీల జాకెట్లూ బూట్లతోనే పోయాం. చర్చివాళ్ళ సమాధులు ఊరికి పడమర, ఏటి ఇసుక దగ్గర ఉంటాయి. నాలుగు రోజుల కిందట ముంగారు వాన, అంటే తొలకరి, ఒకటి పడింది కాబట్టి నేల సులువుగా తెగిందని తవ్వినవాళ్ళు చెప్పారు. అయ్యగారు పొడుగ్గా మాట్లాడలేదు. ఈమె పని చేసే చేతులతో ఆరాధించింది అని పుస్తకం మూసేశాడు. పాట పాడారు. అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. మమ్మల్నీ వేయమన్నారు. తడి మట్టి, చేతికి అంటుకుని రాలేదు.

మా ఆచారం ప్రకారం చావుకు పోయివచ్చిన వాళ్ళం నేరుగా ఇంటికి పోయి తలకు పోసుకోవాలి. ఎక్కడా కూర్చోకూడదు, ఏదీ ముట్టుకోకూడదు. అయినా పెద్దమ్మ కూతురిని ఇంటి దాకా దిగబెడదామని వెళ్ళాం. వాకిట్లో ఒక రైతు నిలబడి ఉన్నాడు. మా తాలూకాలోనే అరసికెరె వైపు మనిషి, ఆయన చేను పార్కులోకి పోలేదు. నేల పదును మీద ఉంది, ఒకట్రెండు రోజుల్లో విత్తాలి. విత్తనం వేరుశనగ ఒలవమని పెద్దమ్మకు ఇచ్చాడట. మిషన్‌లో వేస్తే పప్పు పగులుతుంది, విత్తనానికైతే చేత్తోనే ఒలవాలి.

"ఈ టయంలో అడక్కూడదమ్మా" అన్నాడు ఆయన, పెద్దమ్మ కూతురితో, చేతులు నలుపుకుంటూ. "మిగిలింది అట్నే ఇచ్చేయండి. ఇంగో చోట చూసుకుంటాను. పదును పోతే మల్లా వాన ఎప్పుడో."

ఆమె వసారాలోకి చూపించింది. గోడ వారగా ఒలిచిన పప్పు ఒక బస్తా ఉంది, మూతి కట్టి. దాని పక్కన సగం మిగిలిన కాయల కుప్ప. నిన్న పొద్దున కాసేపు ఒలిచి, ఆయాసంగా ఉంది, కాస్త పడుకుని లేస్తానని లోపలికి పోయిందట.

మేమందరం ఆ కుప్ప వైపు చూశాం. స్నానం చేయకుండా విత్తనం ముట్టుకుంటే ఏమవుతుందో అని నాకు భయం. మా అత్త ఏమంటుందో అని ఇంకో భయం. రైతు ఏమనుకుంటాడో అని మరో భయం. అంతలో కొళాయి దగ్గర తిట్టినామె బూట్లు విప్పి, వసారా ఎక్కి, కుప్ప ముందు కూర్చుంది. ఒక కాయ తీసి వేళ్ళ మధ్య నొక్కింది.

"స్నానం చేయాల గదా?" అని ఎవరో అన్నారు.

"చేస్తాంలే" అంది ఆమె. "ఇది కానీ."

ఒక్కొక్కరం కూర్చున్నాం. రైతు వాకిట్లో అట్లాగే నిలబడ్డాడు. "నువ్వూ రాన్నా, చీకటి పడకముందే అయిపోతాది" అన్నాను. ఆయన చెప్పులు విడిచి నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి అయ్యగారు కూడా వచ్చి, కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాడు. కాయలు పగిలే చప్పుడు. మా జాకెట్ల పట్టీల మీద సాయంత్రపు ఎండ. పొట్టు మా ఒళ్ళలోంచి జారి నేల మీద పేరుకుంటోంది. చేట నిండా గులాబీరంగు పప్పు. పెద్దమ్మ కూతురు కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి, ఇంకో చేట తెచ్చి మా మధ్య పెట్టింది.